కమలవ్వ కొరియా సీరియల్

మధ్యాహ్నం అన్నాలు కాగానే కమలవ్వ చాట ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. చేతులు బీడీలు చుడుతుంటాయి. చెవులు మాత్రం కొరియాలో ఉంటాయి.

మెట్‌పల్లిలో ఆ వాడంతా ఆమెను ఆటపట్టిస్తుంది. "ఏం కమలవ్వా, కొరియా దిక్కు సంబంధం చూస్తున్నవా?" అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. సీరియల్ అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పెట్టిస్తుంది.

పెట్టేది కొత్త కోడలు భవ్యశ్రీ. తనకూ కొరియా పిచ్చి ఉంది. అత్తగారి పక్కన ఇంత తొందరగా చోటు దొరికిందని తెగ మురిసిపోయింది. ఆ మురిపెంలో ఒకనాడు అసలు కొరియా మాటలతోనే పెట్టింది.

"తెలుగుల పెట్టు!" కమలవ్వ కసిరింది. చేతిలోని ఆకు చిరిగిపోయింది.

అంత కోపం భవ్యశ్రీ ఎన్నడూ చూడలేదు. పాపం, కింద వచ్చే అక్షరాలు చదవలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మామ రాజలింగుకు ఈ గోలే గిట్టదు. సీరియల్ మొదలవగానే కుర్చీ ఎత్తుకెళ్లి గడప అవతల, టీవీకి వీపు పెట్టి కూర్చుంటాడు. "గా సప్పుడేందో!" అని గొణుగుతాడు. తగ్గించమని మాత్రం అనడు.

ఇంతలో ఒక శనివారం, ఈ సీరియల్ యాప్‌లో రేపటి వరకే ఉంటుందని తెర మీద వచ్చింది. భవ్యశ్రీ చదివి చెప్పగానే కమలవ్వ మొహం చిన్నబోయింది.

"మల్ల ఎట్ల బిడ్డా?" అంది.

భవ్యశ్రీ రిమోట్ అందుకుంది. "ఫికర్ చెయ్యకు అత్తమ్మా. గా హీరోయిన్‌వే ఇంకా బొచ్చెడున్నయి."

వెతికి, తెలుగులో ఉన్నదే ఒకటి పెట్టింది. అదే సొట్టబుగ్గల పిల్ల. అదే నవ్వు. ఆ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట అందో లేదో,

"గీమె కాదు," అంది కమలవ్వ, చాటలోంచి తల ఎత్తకుండానే.

"అయ్యో, గామెనే అత్తమ్మా! జర చూడు!"

"కాదు బిడ్డా." ఈసారి అన్నది గడప అవతలి మామ. ఆయన ఇటు తిరగనైనా లేదు.

భవ్యశ్రీ బిత్తరపోయింది. మొగుడు సిద్ధును వంటింట్లోకి లాక్కెళ్లింది. "సీరియల్ పోతుందంటే ఇద్దరికీ సోయి లేదు. మనిషినే గుర్తువడ్తలేరు. రేపే కండ్ల డాక్టర్‌కు చూపియ్యాలె!"

సిద్ధు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"వాళ్ల కండ్లు మంచిగనే ఉన్నయి గని భవ్యా, గా పాత సీరియల్‌ల కొరియా పిల్లకు తెలుగు గొంతు ఇచ్చింది, నచ్చినోన్ని చేసుకున్నదని బాపు ఇంట్లకు రానియ్యని మా రేవతక్క."