ఇరుక్కున్నామని ఎలా తెలుసు?

నాలుగో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

లోపల ముగ్గురు. కుట్టిన యూనిఫారాల మూటతో టైలరమ్మ. కొత్త బట్టల్లో మెరిసిపోతున్న ఓ అమ్మాయి. మూలగా, సంచీ నిండా పరీక్ష పేపర్లతో ఓ కళ్ళజోడు మనిషి.

టైలరమ్మ అలారం గంట నొక్కింది. కింద నుంచి ఎవరో అరిచారు. "మోటారు ఆగిందండీ! మెకానిక్ వస్తున్నాడు, కంగారు పడకండి!"

అమ్మాయి అప్పటికే పడిపోయింది, కంగారు. రెండు చేతులతో గోడకున్న కడ్డీని బిగించి పట్టుకుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"ఏడో అంతస్తులో రిజిస్ట్రారాఫీసు, పిన్నిగారూ. ఇవాళ నా పెళ్ళి. నోటీసు గడువు ఇవాళ్టితో సరి. ఐదింటికి మూసేస్తారు. తప్పిపోతే మళ్ళీ మొదట్నుంచీ..." మాట తెగిపోయింది. ఊపిరి అందడం లేదు.

టైలరమ్మ గుండె నీరైపోయింది. మూలనున్న మనిషి మాత్రం తాపీగా గొంతు సవరించుకున్నాడు.

"అసలు మనం ఇరుక్కున్నామని మనకెలా తెలుసు?"

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"లిఫ్టు కదలడం లేదు కదయ్యా!" అంది టైలరమ్మ.

"కదలడం లేదని అనిపిస్తోందమ్మా. అనిపించడం వేరు, తెలియడం వేరు. మనం నమ్మింది నిజమవ్వాలి, దానికి సరైన ఆధారమూ ఉండాలి. అప్పుడుగానీ తెలిసినట్టు కాదు. ఇక్కడ కిటికీ కూడా లేదు. ఆధారమేదీ?"

"ఏం చేస్తుంటావు బాబూ?"

"కాలేజీలో తత్వశాస్త్రం లెక్చరర్నమ్మా. ఫస్టియర్ వాళ్ళకి చెబుతాను."

"అనుకున్నాను."

అమ్మాయి ఒక చెయ్యి కడ్డీ మీంచి తీసి, ఉన్న బటన్లన్నీ టకటకా నొక్కేయసాగింది.

"ఈవిడని నొక్కొద్దనండమ్మా. చైనావాళ్ళ తావో సిద్ధాంతం చెప్పేది అదే. నీళ్ళు ఎప్పుడైనా బటన్లు నొక్కుతాయా? పల్లం ఉంటే పారతాయి, రాయొస్తే చుట్టూ తిరిగి పోతాయి. ఏమీ చేయకుండా ఊరుకుంటే, జరగాల్సింది దానంతటదే జరుగుతుంది."

"పిన్నిగారూ! ఏమీ చేయకుండా ఊరుకోవడంలో ఈయన్ని మించినవాళ్ళు లేరని నేను రాసిస్తాను!"

"అవును మరి," టైలరమ్మ అతని మీద విరుచుకుపడింది. "పెళ్ళికి ఆలస్యమై పిల్ల అల్లాడిపోతుంటే చెప్పాల్సిన మాటలా ఇవి?"

"అల్లాడటానికి కారణం కోరికేనమ్మా. బౌద్ధంలో మొదటి పాఠం. దుఃఖం ఉంది, దాని వెనక తృష్ణ ఉంది. పెళ్ళి కావాలని కోరుకోకపోతే ఈవిడ ఈపాటికి ఇంట్లో హాయిగా నిద్రపోతుండేది."

అమ్మాయి ముఖం ఎర్రబడింది. కడ్డీ మీదున్న రెండో చెయ్యీ నడుము మీదికొచ్చింది.

"ఈయన్ని కట్టుకోబోయేదాన్ని అడగండి పిన్నిగారూ, దుఃఖమంటే ఏమిటో చెబుతుంది!"

"నీకు పిల్లనెవరిస్తారు నాయనా?" అంది టైలరమ్మ జాలిగా.

"ఆశ ఉందమ్మా. ఆశ కూడా తృష్ణే అనుకోండి."

టైలరమ్మ అతనికి వీపు తిప్పేసింది. "పెళ్ళికొడుక్కి ఒక ఫోను కొట్టు తల్లీ."

"సిగ్నల్ లేదు. అయినా ఆ మహానుభావుడికి తొందరా? రెండింటికల్లా రమ్మని బతిమాలితే, బోలెడు టైముందన్నాడు. సాక్షి కూడా ఒకరు తక్కువ. మీరొచ్చి సంతకం పెడతారా?"

"ఎందుకు పెట్టనూ? నిన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగుదునని కూడా చెబుతాను."

లెక్చరరు పైకప్పు వంక చూస్తూ ఇంకోటి అందుకున్నాడు. "అబద్ధం ఎప్పుడూ తప్పేనా? మంచి జరిగితే ఒప్పేనా? కొందరు చేసిన పని చూసి తీర్పిస్తారు, కొందరు ఫలితం చూసి. పది మార్కుల ప్రశ్న."

"ఫలితం! ఫలితం! ఫలితం!" అమ్మాయి నేలకేసి కాలు దబదబా బాదింది. "ఆ తలుపు తెరుచుకుంటే ఒకటి కాదు, వంద అబద్ధాలు ఆడతాను! మార్కులు వేస్తే వెయ్యమనండి, లేకపోతే సున్నా చుట్టమనండి!"

ఆ అరుపుకి జడిసినట్టు లిఫ్టు గభాలున కదిలింది.

"చూశారా, మనమేమీ చేయకుండానే..."

"మెకానిక్ చేశాడు!" ఆడవాళ్ళిద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

ఏడో అంతస్తు. అమ్మాయి పరుగు. మూటతో టైలరమ్మ పరుగు. వెనకాలే కళ్ళజోడు కూడా వస్తుంటే టైలరమ్మ ఆఫీసు గుమ్మంలో ఆగి, చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు నాయనా. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే నీ పాఠాలు ఇక్కడ కూడానా?"

లోపల రిజిస్ట్రారు సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాయి స్నేహితురాళ్ళిద్దరూ ఆయన్ని ఎలాగో మాటల్లో పెట్టి ఆపారు. ఆయన గడియారం చూసి, నిట్టూర్చి, మళ్ళీ కూర్చున్నాడు.

"పెళ్ళికూతురు వచ్చింది. బావుంది. పెళ్ళికొడుకేడీ?"

టైలరమ్మ గుమ్మంలోంచే గదంతా వెతికింది. ఖాళీ కుర్చీలు, తిరుగుతున్న ఫ్యాను. మగపిల్లాడి జాడే లేదు. స్నేహితురాళ్ళిద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పెళ్ళికూతురు తల వంచుకుంది. పిచ్చిపిల్ల, ఎంత నమ్మిందో! టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక్కడే ఉన్నానండీ, ఈవిడకి లిఫ్టంటే ప్రాణభయం, కోపం తెప్పిస్తేగానీ తగ్గదు," అంటూ లెక్చరరు టైలరమ్మ చేతి కింద నుంచి దూరి వచ్చి, పెన్ను అందుకుని, మూత తీయకుండానే సంతకం గీకేశాడు.