రెండు గడపలు

“వేషాలు!” అన్నాడు కళ్ల డాక్టరు, చీటీని బల్ల మీదికి గిరాటేసి. “మూడోసారి వచ్చావు. మూడుసార్లు చూసినా నీ కళ్లు నా కళ్లకన్నా బాగున్నాయి.”

“ఒకటి రెండుగా కనపడుతోంది సార్,” అన్నాడు గడియారాలు బాగుచేసే మనిషి. “నిన్న రోడ్డు దాటబోతే రెండు బస్సులొచ్చాయి. ఏది నిజమైనదో తెలియక నడిమధ్యలో నిలబడిపోయాను. డ్రైవరు బ్రేకు తొక్కకపోతే ఈపాటికి లేను. తల లోపల ఏదో అయ్యుంటుంది. పెద్దాసుపత్రికి ఒక్క ఉత్తరం రాసివ్వండి. మీ ఉత్తరం లేందే తల స్కానింగు చెయ్యరట.”

“నీలాంటివాళ్లు అడిగినప్పుడల్లా రాసిస్తే వాళ్లు నా తలకి స్కానింగు చేస్తారు.”

“నేనూ అదే మొత్తుకుంటున్నాను సార్,” అంది పక్కన నిలబడ్డ భార్య. “కొట్లో కూర్చుంటే వెంట్రుకంత ముల్లు కూడా కనపడుతుంది. ఇంటికొచ్చేసరికి రెండు గడపలట! తన్నుకుని బోర్లా పడతాడు. గ్లాసులో నీళ్లు పొయ్యమంటే చాప మీద పోస్తాడు. ఒళ్లొంగక ఈ గోలంతా.”

“అయితే మీ ఆవిడ కూడా ఇద్దరుగా కనపడుతోందా?” అని నవ్వాడు డాక్టరు.

“ఒక్కదానితోనే వేగలేడు సార్, ఇద్దరితో ఏం వేగుతాడు?”

డాక్టరు వేలితో సైగ చేశాడు. మూలన నిలబడ్డ అటెండరమ్మ నల్ల అట్ట తీసుకుని వచ్చింది. ముందు ఎడమ కన్నుకు అడ్డం పెట్టింది. ఆయన గోడ మీది అక్షరాలు పైవరస నుంచి కిందివరస దాకా చదివాడు. తర్వాత కుడి కన్నుకు పెట్టింది. మళ్లీ చదివాడు. ఒక్కటీ పొల్లుపోలేదు.

“ఇలా ఒక కన్ను మూస్తే సార్...”

“నోరు కూడా మూసుకో.”

డాక్టరు తన చేతి గడియారం విప్పి ఆయన ఒళ్లో పడేశాడు. “పొద్దుటినుంచి ఆగిపోయింది. చూడు. నీ సంగతి ఇప్పుడే తేలిపోతుంది.”

ఆయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి కుడికంటికి బిగించుకున్నాడు. అలవాటుకొద్దీ రెండో కన్ను దానంతటదే మూసుకుంది. వెనక మూత ఊడదీశాడు. చక్రాల మధ్య ఇరుక్కున్న నూలుపోగును సన్న పట్టకారుతో లాగేశాడు. గడియారం టిక్కుటిక్కుమంది.

“చూశావా! చీమ మీసమంత పోగు కనపడింది. గడప కనపడదట గడప!” డాక్టరు పడీపడీ నవ్వాడు. పెద్ద చదువు చదివినవాడు నవ్వితే ఎదుటివాళ్లకు నవ్వక తప్పదు. భార్య కూడా నవ్వింది. “ఇక లే. బయట జనం ఉన్నారు.”

అటెండరమ్మ మాత్రం నవ్వలేదు.

“సార్, ఒక్కసారి రెండు కళ్లూ తెరిచి చూడమనండి,” అంది.

కుర్చీ లేచి మాట్లాడితే చూసినట్టు చూశాడు డాక్టరు. “ఏవమ్మా, అట్ట పట్టడంతో సరిపెట్టుకోలేవా? వచ్చి నా సీట్లో కూర్చుంటావా?”

“ఇందాకటినుంచి మనం చూసింది ఒంటికన్నే సార్. ఆయన కొట్లో చేసేదీ ఒంటికన్ను పనే. రెండోది తెరిచేది ఇంటికెళ్లాకే. మీ పెన్ను అటూ ఇటూ తిప్పి చూడండి.”

“సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి!” డాక్టరు పెన్ను తీశాడు. కుడివైపుకు జరిపాడు. రెండు కళ్లూ వెళ్లాయి. ఎడమవైపుకు జరిపాడు. కుడి కన్ను వెళ్లింది. ఎడమ కన్ను మేకు కొట్టినట్టు మధ్యలోనే ఆగిపోయింది.

డాక్టరు మళ్లీ జరిపాడు. మళ్లీ ఆగింది. ఎంత వేషగాడైనా ఒక కన్ను కదిలించి, రెండోది బిగబట్టలేడు. ఆ మాత్రం డాక్టరుకూ తెలుసు.

“ఎన్ని పెన్నులు?” గొంతు తగ్గింది.

“రెండు సార్. ఇటు తిప్పేకొద్దీ ఒకదానికొకటి దూరంగా జరుగుతున్నాయి.”

తప్పయిందని అనలేదు డాక్టరు. అలాంటి మాటలు ఆయన చదువులో లేవు. గబగబా ఉత్తరం రాసి, కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు. “ఇంటికెళ్లొద్దు. ఇటునుంచి ఇటే పొండి. ఇవాళే స్కానింగు చెయ్యాలని రాశాను.”

భార్య గబుక్కున దగ్గరికొచ్చింది. మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఇదిగో, ఇక్కడ కాలెత్తయ్యా,” అంటూ గది దాటించింది.

తలుపు మూసుకున్నాక డాక్టరు గడియారం చేతికి పెట్టుకున్నాడు. అటెండరమ్మ వైపు చూడకుండానే అడిగాడు.

“పదో క్లాసు గట్టెక్కనిదానివి. ఇదంతా ఎవరు చెప్పారు నీకు?”

“పెద్దాసుపత్రి వాళ్లు సార్. మా ఆయన పోయినప్పుడు.”

“ఏమైంది ఆయనకి?”

“ఇదే సార్. ఒకటి రెండుగా కనపడేది. తలలో గడ్డన్నారు. ఆరు నెలల ముందు తెలిసుంటే బతికేవాడన్నారు.”

డాక్టరుకు పోయిన గొంతు తిరిగొచ్చింది. “మీలాంటివాళ్లతో ఇదే తంటా! మొదట్లోనే నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదు?”

“తీసుకొచ్చేదేముంది సార్? తొమ్మిదేళ్లు మీ పక్కనే నిలబడి అట్ట పట్టింది ఆయనే. చివరి ఆరు నెలలూ రోజూ మీకు చెబుతూనే ఉన్నాడు. ఆయన పోతేనే కదా ఈ ఉద్యోగం నాకొచ్చింది.”