అడగడం మరిచిన నెల

రాత్రి ల్యాబులో మిగిలింది మంత్రసాని కోర్సు చదివే అమ్మాయి ఒక్కతే. తెర మీద, మెడదాకా దుప్పటి కప్పుకున్న గర్భిణి. కంప్యూటర్ పుట్టించిన పేషెంటు. ఆమె ఇంటి పద్ధతి అడిగి గౌరవిస్తేనే మార్కులు. అమ్మాయి ఆత్రంగా ముందు అదే అడిగింది.

"మా ఇంట్లో కాన్పయ్యేదాకా మంత్రసాని గది దాటదమ్మా. ఉంటావా?"

"అయ్యో, ఉండకపోవడమేంటక్కా! మీ మాటే నా మాట."

పూర్తి మార్కులు పడ్డాయి. తెర ఆర్పేసి, సంచి తగిలించుకుని తలుపు లాగింది. రాలేదు. బయట వాచ్‌మన్ చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. గొంతు చించుకుని అరిచింది. చప్పుడు అదే నడకతో దూరమైపోయింది.

వెనక, ఆరిన తెరలో, దుప్పటి సర్దుకున్న అలికిడి.

అమ్మాయి మెల్లగా తెర వైపు తిరిగింది. "అక్కా... నీకిప్పుడు ఎన్నో నెల?"

"ఇప్పుడా అడిగేది? మూడోది."