గ్రహణం పూట బగారన్నం

పాండురంగం కడుపులో మొదటి ఉరుము ఉరిమింది. సరిగ్గా అప్పుడే టీవీ కెమెరా ఆయన ముఖం మీదికి తిరిగింది. ఆయన నవ్వాడు.

2010 జనవరి, మిట్టమధ్యాహ్నం. బయట సూర్యుడికి గ్రహణం పట్టి ఉంది. నాచారంలో ఆ కాలనీ కమ్యూనిటీ హాలు కిక్కిరిసి ఉంది. లెక్కల ప్రొఫెసరు ఉద్యోగం వదిలేసి సైన్సు ప్రచారానికి బతుకు రాసిచ్చేసిన పాండురంగం, గ్రహణం పూట తింటే ఏమీ కాదని నిరూపించడానికి, అందరి ముందూ బగారన్నం, వంకాయ కూర తిని చెయ్యి కడుక్కున్నాడు. ఇక ఏమీ కాకుండా ఉండడమే మిగిలింది.

ముందు వరుసలో శంకరమ్మ కూర్చుంది. పందెం ఆమెతోనే. ఏడో నెల గర్భంతో ఉన్న కోడలు దీపను తెల్లారినప్పటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వకుండా చీకటి గదిలో పడుకోబెట్టి వచ్చింది.

"గంటసేపు నీకేం గాకుంటే నా కోడలికి గూడ పెడ్త సారు. ఏమన్న అయ్యిందో, మల్ల మా గల్లీకి సైన్సు గీన్సు అని రావద్దు."

రెండో ఉరుము. పాండురంగం కాలు మీద కాలు వేసి బిగించాడు. పక్కనే నిలబడ్డ కాలనీ సంఘం సెక్రటరీ నాగేందర్‌ను దగ్గరికి లాగి గుసగుసగా అడిగాడు.

"కూర ఎప్పటిదయ్యా?"

"రాత్రిది సార్. మా బామ్మర్ది ఫంక్షన్ల మిగిలింది."

"ఇయ్యాల వండియ్యమంటి గద!"

"గ్రహణం నాడు పొయ్యెవడు ముట్టిస్తడు సార్? ఉప్పల్ దాక తిరిగిన. ఒక్క వంటాయన రాలే."

"నువ్వు తిన్నవా?"

"నేనెట్ల తింట సార్, గ్రహణం గద!"

లేచి బాత్‌రూముకు పరుగెత్తితే సరిపోయేదే. కానీ ఆ పరుగు సాయంత్రం వార్తల్లో వస్తుంది. బడుల్లో, బస్టాండుల్లో, స్టూడియోల్లో ఇన్నేళ్లు గొంతు చించుకున్నదంతా గంగలో కలుస్తుంది. పైగా అక్కడ ఆ పిల్ల ఆకలితో పడుకుని ఉంది. అది తలుచుకునే ఆయన కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

"చంద్రుడు అడ్డమొచ్చిండు, అంతే. మన అన్నంతోటి ఆయనకేం పని?" అన్నాడు చెమటలు కక్కుతూ. పళ్లు బిగించి చెప్పడంతో మరీ గంభీరంగా వినబడింది. జనం చప్పట్లు కొట్టారు.

గంట గడిచింది. శంకరమ్మ లేచింది.

"గెల్సినవ్ సారు. నా కండ్లతోటి సూసిన."

పాండురంగానికి కళ్లనీళ్లు తిరిగాయి. సగం సంతోషం, సగం కడుపు. కానీ బాత్‌రూము వైపు తిరిగేలోపే శంకరమ్మ కోడల్ని వేదిక ఎక్కించేసింది. ముందే ఇంటికి మనిషిని పంపినట్టుంది.

"సారు తిన్న కూరనే ఎయ్యి నాగేందరూ. మా పిల్లనే ముందుగాల తినాలె."

"వద్దమ్మా! ఆ కూర పాడైంది. రాత్రిది," అన్నాడు పాండురంగం కంగారుగా.

శంకరమ్మ పకపకా నవ్వింది. "పాడైతే గింతసేపు నవ్వుకుంట కూసుంటవా? మా పిల్లకు పెట్టనీకె మనసొస్తలేదా ఏంది?"

"సార్ జోక్ చేస్తున్నరు పెద్దమ్మా," అని నాగేందర్ సర్దేశాడు. హాలంతా నవ్వింది. దీప వెనకాల ప్లేట్లు పట్టుకుని జనం వరుస కట్టారు.

దీప ఇవేవీ వినే స్థితిలో లేదు. కలిపిన ముద్ద నోటి దాకా వెళ్లింది. పాండురంగం ముందుకు దూకబోయాడు. కడుపు దూకనివ్వలేదు. ఇక ఆ హాల్లో ఎవరైనా నమ్మే మాట ఒక్కటే మిగిలింది. కెమెరా ముందే, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"ముద్ద కింద పెట్టు బిడ్డా! గ్రహణం ఇంక ఇడువలే!"