పార్సిల్ మనిషి

"హారికా, తెలుగు ఆపు. ఎవరో ఇటే వస్తున్నారు," అన్నాడు భార్గవ్.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో తెలుగు మాట్లాడితే ఏమవుతుందో అతనికి అనుభవమే. పోయినేడు ఎవరో ఇలాగే పలకరించి, హైదరాబాదులో తమ్ముడికి ఇవ్వమని చాక్లెట్ల మూట అంటగట్టారు. సూట్‌కేసు బరువెక్కి, భార్గవ్ తన కొత్త బూట్లు చెత్తబుట్టలో వేసి, రబ్బరు చెప్పులతో అత్తారింట్లో దిగాడు.

ఈసారి మూటలు మోసే ఓపిక లేదు. రేపు అత్తగారికి గుండె ఆపరేషన్. మనవరాలి మొహం చూస్తేగానీ థియేటర్లోకి పోనని ఆవిడ భీష్మించుకు కూర్చుంది.

వచ్చినాయనకు తలమీద తెల్ల టోపీ. చెయ్యి కోటు జేబులో.

"తెలుగోళ్ళేనా సాబ్?"

"సారీ?" అన్నాడు భార్గవ్ ఇంగ్లీషు మొహం పెట్టి.

"ఖమ్మం దిక్కు?"

"నో, నో."

"ఈయనెవరు నాన్నా?" అని నాలుగేళ్ళ మీనూ జర్మన్‌లో అడిగింది. దాంతో పెద్దాయనకు నమ్మకం కుదిరింది. "మాఫ్ కర్నా" అని వెళ్ళిపోయాడు.

"పాపం, ఏదో చెప్పబోయాడు," అంది హారిక.

"చెప్పేదేముంటది? జేబులో పార్సిల్. చూడలే?"

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర మూడు పాస్‌పోర్టులకు రెండే బయటికొచ్చాయి. మీనూది లేదు. ఎయిర్‌పోర్టుకు వస్తూ రైల్లో ప్రతి స్టేషన్‌కీ తీసి, అన్నీ ఉన్నాయని లెక్కచూసుకున్న మనిషి భార్గవ్.

"అమ్మకి ఏం చెప్పను?" అంది హారిక.

ఎంక్వైరీ కౌంటర్‌కు పరుగెత్తారు. అక్కడి అమ్మాయి సొరుగులోంచి మీనూ పాస్‌పోర్టు తీసింది. నెలల పిల్లప్పటి ఫొటో, ఇప్పటి మీనూతో పోలికే లేదు. పుట్టిన ఊరు ఖమ్మం.

హారిక దాన్ని గుండెలకు హత్తుకుంది. "ఎవరు తెచ్చారు?"

"తెల్ల టోపీ పెద్దాయన. రైల్లో సీటు కింద దొరికిందట."

భార్గవ్ వెనక్కి తిరిగి గుంపులోకి చూశాడు.

"ఆయనెక్కడ?" అంది హారిక.

"ఆయన విమానం వెళ్ళిపోయింది. ఇంకో టికెట్ కోసం తిరుగుతున్నాడు."

"అయ్యో, ముందే మీకిచ్చి వెళ్ళాల్సింది."

"నేనూ అదే అన్నాను. చిన్నపిల్లది, తల్లి చేతిలోనే పెడతానని హాలంతా వెతికాడు." ఆ అమ్మాయి మీనూ వైపు చూసి నవ్వింది. "ఒక పాపను చూసి వాళ్ళేనేమో అనుకున్నాడట గానీ, వాళ్ళు తెలుగువాళ్ళు కాదన్నారట."