ఉత్త నల్లాలు

“గా ఒప్పందం మీద సంతకం పెట్టిన చెయ్యి ఇరగ,” అన్నది కమలవ్వ, పంచాయతీ ఆఫీసు గడప అవతల నిలబడి. “ఢిల్లీ మోసమే చేసింది, ఊరూ మోసమే చేసింది. మా వాడకు నీళ్లేవి?”

వెనక ఖాళీ బిందెలతోటి నిలబడ్డ వాడ ఆడోళ్లు ఆ తిట్టు విని బీరిపోయిండ్రు.

లోపల ఫ్యాను తిరుగుతుంది. ఎవరూ తలెత్తలే.

ఒప్పందం అంటే బ్రహ్మవిద్య ఏం కాదు. ఢిల్లీ సర్కారు పైసలియ్యాలె. పంచాయతీ పని చేయించాలె. ఇంటింటికి నల్లా రావాలె, నల్లాల నీళ్లు రావాలె. కాయితం మీద ఇద్దరూ భాగస్తులే. నీళ్లడిగితే మాత్రం ఇద్దరూ పరాయోళ్లే. ఢిల్లీని అడిగితే మీ ఊర్లె అడుగుమంటది. ఊర్లె అడిగితే ఢిల్లీ బిల్లు ఆపిందంటరు. ఇద్దరి నడుమ పేదోని గొంతు ఎండాలె. ఆఫీసు ముందట నల్లరాయి పలక ఒకటి పాతిండ్రు, ఇద్దరి పేర్లూ బంగారు రంగుల చెక్కి. ఆ రాయిని పిండితే నీళ్లొస్తయా?

జమ్మికుంట దగ్గరి ఆ ఊర్లె పైపు ట్యాంకు కాడ మొదలై, ఊర్లె పెద్ద ఆసామి సుధాకర్ పటేల్ పత్తి గోదాం దాకా చక్కగ వచ్చింది. అక్కడ్నే ఆగింది. కమలవ్వ వాడల గోడగోడకు ఒక నల్లా బిగించిండ్రు, ఫొటోలు తీసుకున్నరు, పోయిండ్రు. మన్ను కింద పైపు లేదు. ఆ నల్లాలకు ఇప్పుడు మేకలను కట్టేస్తున్నరు.

కమలవ్వ కోడలు కోమలకు ఏడో నెల. నిన్న సుధాకర్ పొలం బోరు కాడ నీళ్లు పట్టుకొని వస్తుంటే ఒడ్డు మీద జారి పడ్డది. జమ్మికుంట దవాఖానల పండుకున్నది. కడుపుల బిడ్డ బతికే ఉన్నదని డాక్టరు చెప్పిండు. ఇంకోసారి బిందె ఎత్తితే తన పూచీ లేదని కూడ చెప్పిండు.

ఇయ్యాల ఢిల్లీ తరఫున అంబదాస్ అనే ఆఫీసరు తనిఖీకి వచ్చిండు. కారు దిగిండు, రెండు గోడలు చూసిండు. నల్లాలున్నయి. తిప్పి చూడలే. ఇప్పుడు ఆయన ముందట టేబుల్ మీద ఒక్కటే కాయితం. పని పూర్తయిందని దాని మీద రాసి ఉంది. ఊరి తరఫున సర్పంచ్, ఢిల్లీ తరఫున ఆయన సంతకం పెడితే ఫైలు మూతపడ్తది. ఇగ ఆ వాడకు పైపు అన్న మాటే ఉండదు.

కమలవ్వ వచ్చింది అందుకే.

కార్యదర్శి కరుణాకర్ గడప కాడికి ఉరికొచ్చి బతిలాడిండు. పెద్ద సారు ముందట ఊరి ఇజ్జత్ తియ్యొద్దన్నడు. ఇజ్జత్ తాగితే దూప తీరుతదా అని అడిగింది కమలవ్వ.

అంబదాస్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. “ఎవరండీ ఆమె?”

“మా పత్తి ఏరే కూలిమనిషి సార్,” అని సర్పంచ్ కుర్చీల కూసున్న సుధాకర్ నవ్విండు. “జర నోరెక్కువ. మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

ఆ మాట అబద్ధమేం కాదు. పత్తి ఏరుతది. నోరెక్కువని మాత్రం ఆయనకు ఇయ్యాలనే తెలిసింది.

“అయితే సంతకం కానియ్యండి సర్పంచ్ గారూ. నేను పొద్దూకకముందే మందమర్రి చేరాలె.”

సుధాకర్ జేబుల నుంచి ముద్ర తీసి టేబుల్ మీద పెట్టిండు. సర్పంచ్ ముద్ర ఎప్పుడూ ఆయన జేబులనే ఉంటది.

కమలవ్వ గడప దాటింది. సక్కగ టేబుల్ దాకా వచ్చింది. కరుణాకర్ అడ్డం పోబోయి, ఆమె మొఖం చూసి ఆగిపోయిండు.

సుధాకర్ నవ్వు ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించిండు. “నీ కొడుకు నా ట్రాక్టర్ నడుపుకుంట బతుకుతుండు. నీ గుడిసె నా జాగల ఉన్నది. జర సోచాయించుకోని మాట్లాడు.”

ఇన్నొద్దులు ఆ మాటకే ఆమె తల వంచింది. ఆమె అవ్వ వంచింది. ఆ వాడ వాడంత వంచింది. పటేల్ చెప్పిన కాడ నిలబడుడు, చెప్పిన కాడ కూసునుడు, పొమ్మంటే పోవుడు. ఓటు కూడ ఆయన చెప్పిన దానికే ఏసుడు, సంతకం కూడ ఆయన చూపిన కాడనే పెట్టుడు.

“ఆకలికి భయపడి ఇన్నొద్దులు ఊకున్న పటేలా,” అన్నది కమలవ్వ. “నా కోడలు దవాఖానల పడి ఉన్నది. ఇగ భయపడెతందుకు ఏం మిగిలింది?”

అంబదాస్‌కు చిరాకు లేచింది. బాధ ఉంటే అర్జీ పెట్టుకోమన్నడు. ఒప్పందం ఊరికీ ఢిల్లీకీ మధ్యల అయిందనీ, దారిన పోయే ప్రతి మనిషితోటి మాట్లాడుకుంట కూసుంటే పనులు కావనీ చెప్పిండు.

“మరి ఊరి తరఫున ఎవరి మాట చెల్లుతది సారూ?”

“సర్పంచ్ మాట. ఇంకెవరిదీ చెల్లదు.”

“ఆ సర్పంచ్ పని కాలేదంటే?”

“అంటే నేను సంతకం పెట్టను. పైపు పడేదాకా ఫైలు మూతపడదు. కాని ఆయన అనట్లేదు కదమ్మా.”

కమలవ్వ ముద్ర మీద చెయ్యేసి, సుధాకర్ దిక్కు తిరిగింది.

“మా వాడకు పైపు పడ్డంకనే సంతకం, ముందుగాల నా కుర్చీల నుంచి లెవ్వు పటేలా, రిజర్వేషన్ల గెలిచిన గీ ఊరి సర్పంచ్‌ను నేను.”