సొంతదారు పూచీ

“ఈ రెండు లైన్లూ మన డొమైన్ సెట్టింగుల్లో పెట్టెయ్యమ్మా. పంపిన మెయిలల్లా స్పామ్‌లో పడుతోంది. రేపు నలభై వేలమందికి పంపాలి,” అంటూ బావగారు కాగితం చాపాడు.

మరదలు అందుకోలేదు. “ఎందుకట ఆ లైన్లు?”

“పంపేది మనమేనని డొమైన్ సొంతదారు పూచీ పడాలట. లేకపోతే మనల్నెవరూ నమ్మరట.”

ఇద్దరూ కలిసి పెట్టిన కంపెనీ. రెండేళ్ళ క్రితం స్టాఫందరి ముందూ “ఈవిడకీ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు” అని ఆమెను గెంటేశాడు. బోర్డు మీదా, తలుపు మీదా ఆమె పేరు చెరిపించాడు. కంపెనీ పెట్టిన మొదటి వారంలోనే ఆమె తన పేరున కొన్న ఇంటర్నెట్ చిరునామా, ఆ డొమైన్ సంగతి మాత్రం మరిచాడు. ఆమె మరవలేదు. నోరెత్తకుండా దాన్ని రెన్యూ చేస్తూ ఈ రోజు కోసమే కాచుక్కూర్చుంది.

“స్టాఫంతా ఆఫీసులోనే ఉన్నారా?”

“ఉన్నారు. ఎందుకూ?”

“ఫోన్ చేసి స్పీకర్ పెట్టించండి. సొంతదారు ఎవరో మీ నోటితో చెప్పండి. ఆ తర్వాతే నా పూచీ.”

బావగారి మొహం మాడిపోయింది. అయినా ఫోన్ చేశాడు. “డొమైన్... మా మరదలిదే,” అని గొణిగాడు.

“సార్, వినపడట్లేదు,” అంది అవతలి గొంతు.

ఆమె తాపీగా లాప్‌టాప్ తెరిచింది.

“వినపడలేదట బావగారూ. ఆ రోజు అన్నంత గట్టిగా అనండి.”